అరికాలికి అరికాలు

సాయంత్రం ఐదున్నర. గాలి ఎడమ పక్కనుంచి ముప్పై నాట్ల వేగంతో కొడుతోందని టవర్ చెప్పింది. కెప్టెన్ "సరే" అని సీటు కాస్త ముందుకి జరుపుకుంది. వెనక అరవై మంది ప్రయాణికులు. బయట రెక్కల మీది రెండు పంకాలూ ఒకే శ్రుతిలో గుర్రుమంటున్నాయి. కాక్‌పిట్‌లో వేడెక్కిన దుమ్ము వాసన.

సిబ్బంది చాటుగా ఆమెను మొండిఘటం అంటారు. ఆ సంగతి ఆమెకి తెలుసు, ఆ పేరు ఇష్టం కూడా. వాళ్ల నాన్నకి వచ్చిన పేరు అలాంటిది కాదు మరి. పదిహేనేళ్ల కిందట ఆయన ఇదే రన్‌వే మీద, ఇలాంటి అడ్డగాలిలోనే, ఇదే విమానాన్ని దించబోయి పక్కకి దూసుకుపోయాడు. విమానానికి అతుకులేసి మళ్లీ ఎగరేశారు. ఆయన మాత్రం దక్కలేదు. మనిషికి అతుకులెవరు వేస్తారు? భయంతో ఆయన కాలు బిగుసుకుపోయిందనీ, అందుకే కుడి పెడల్ తొక్కలేదనీ విచారణలో తేల్చేశారు. పిరికివాడి కూతురన్న మాటని ఆమె అప్పట్నుంచీ దిగమింగుతూనే ఉంది.

అడ్డగాలిలో ముక్కుని గాలివైపు తిప్పి, పీతలా వంకరగా రావాలి. చక్రాలు నేలను తాకబోయే ముందు కుడి పెడల్ తొక్కితే ముక్కు సూటిగా తిరుగుతుంది. తొక్కకపోతే అరవై మందితో సహా గడ్డిలోకే.

"యాభై అడుగులు," అన్నాడు కో-పైలట్. "ముప్పై."

ఆమె తొక్కింది.

పెడల్ కదల్లేదు.

ఇనుము పట్టేసినట్టు లేదు. మెత్తగా ఉంది... చల్లగా... బూటు అడుగునుంచి ఐదు వేళ్లూ తెలుస్తున్నాయి. చిన్నప్పుడు మంచం మీద నాన్నా తనూ ఎదురెదురుగా కూర్చుని, అరికాలికి అరికాలు ఆనించి నెట్టుకునేవాళ్లు. అచ్చం అలాగే... పెడల్‌కి అవతల ఎవరిదో పాదం.

"నాన్నా?" అంది.

ఆ పాదం ఇంకా గట్టిగా నెట్టింది. తడిమట్టి వాసన గుప్పుమంది.

అప్పుడు ఆమెకి భయం వేయలేదు, ఒళ్లు మండింది.

"కాదు. మా నాన్న నా చేతిలో ఎప్పుడూ ఓడిపోయేవాడు. నువ్వెవరివో గానీ కాలు తియ్." పక్కకి తిరక్కుండానే కో-పైలట్‌తో అంది, "నీ పెడల్ కూడా తొక్కు."

రెండు సీట్ల పెడల్సూ కలిసే కదులుతాయి. ఆమె సీటుకి వీపు ఆనించి ఉన్న బలమంతా పెట్టింది. ఇంకో కాలి బలం వచ్చి తోడైంది. పెడల్ దిగింది. ముక్కు సూటిగా తిరిగింది. ఎడమ చక్రం... కుడి చక్రం... నేల.

ప్రయాణికులు దిగిపోయాక, నాన్న కాలం నుంచీ ఉన్న మెకానిక్ బాబాయి గంటసేపు వెతికాడు. ఏ లోపమూ లేదని చెప్పి, పెడల్ తొక్కితే తిరిగే తోక మీది చుక్కాని కదలకుండా తాళం బిగించాడు. ఆమె లాగ్‌బుక్ తీసి రాసింది: 'కుడి పెడల్‌ని ఏదో అడ్డుకుంది. పదిహేనేళ్ల కిందట కూడా పైలట్ భయపడలేదు.'

"ఆ రెండో ముక్క ఇందులో రాయకూడదమ్మా," అన్నాడు బాబాయి మెల్లగా.

"కొట్టేసేవాళ్లని నా ఎదురుగా కొట్టేయమను, బాబాయ్."

మెట్లు దిగి నాలుగడుగులు వేశాక కో-పైలట్ గొణిగాడు.

"మేడమ్... నేను తొక్కలేదు. నా కాళ్లు ఆడలేదు."

ఆమె ఆగిపోయింది. మరి తోడొచ్చిన బలం?

వెనక్కి తిరిగి చూసింది. గాలి పూర్తిగా పడిపోయింది. ఆకైనా కదలడం లేదు. కానీ తాళం వేసిన చుక్కాని కదులుతోంది. ఎడమకి... కుడికి... మళ్లీ ఎడమకి. లోపల ఇద్దరు కాళ్లతో నెట్టుకుంటున్నట్టు. చివరికి కుడివైపు నెట్టే కాలు ఓడినట్టు, ఎడమవైపు పూర్తిగా వాలి, అక్కడే ఆగిపోయింది.

ఆమె వంగి బూట్లు విప్పేసింది.

"వెళ్లొద్దు మేడమ్..."

"నాన్నా, నువ్వు జరుగు," అంది విమానం వైపు నడుస్తూ. "ఇప్పుడు నా వంతు."

మొదటి మెట్టు మీద వట్టి కాలు ఆనించింది.

మెట్టు అడుగునుంచి, చల్లగా, ఏదో తిరిగి నెట్టింది.