కొర్నేలి చెప్పిన అబద్ధం

"పేరెంట్స్ మీటింగ్ శనివారమండీ," అంది డైసీ తలెత్తకుండానే.

"నేను పేరెంట్‌ని కాదు మేడమ్. స్టూడెంట్‌ని."

డైసీ తలెత్తింది. ఎదురుగా నలభై దాటిన మనిషి, స్టీల్ ప్లాంట్ యూనిఫాంలో, నీళ్ళు కారుతున్న గొడుగుతో. పేరు కొర్నేలి. రాయపూర్‌లో శని, ఆదివారాల ఎంబీఏకి అప్లై చేశాడట. ఇంటర్వ్యూకి తయారుచేయమని ప్లాంట్ పక్కనున్న ఖుర్సీపార్ బస్తీలోని ఆమె కోచింగ్ సెంటర్‌కి వచ్చాడు.

"ఈ వయసులో ఎంబీఏ ఏటండీ?"

"పెళ్ళి కానోణ్ణి పట్టుకుని పేరెంట్ అనడం ఏటండీ?"

ముప్పై ఆరేళ్ళొచ్చినా తనకీ పెళ్ళి కాని డైసీ నవ్వు దాచుకోవడానికి బల్ల మీది కాగితాలు సర్దింది.

మర్నాడు ప్రాక్టీసు మొదలైంది. "మీ గురించి చెప్పండి," అనగానే కొర్నేలి లేచి నిలబడి, చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు. నేను పాపిని. ఇంటర్‌లో కాపీ కొట్టి దొరికిపోయినవాడిని..."

చర్చిలో సాక్ష్యం చెప్పి చెప్పి అలవాటైన మనిషి. తన గురించి చెప్పమంటే పాపాలతోనే మొదలుపెడతాడు.

"ఆమెన్, అంకుల్!" అని వెనక బెంచీ కుర్రాళ్ళు అరిచారు. తనూ చర్చికి వెళ్ళే మనిషే కాబట్టి డైసీ కూడా ఆమెన్ అనబోయి నాలుక కరుచుకుంది.

"కూర్చోండి. పాపాలెవరూ అడగలేదు. మీలో ఉన్న మంచి చెప్పండి."

"నా డబ్బా నేనే కొట్టుకోవాలా?"

"ఇంటర్వ్యూ అంటే అదే. సరే, ఎంబీఏ ఎందుకు?"

"ప్రమోషన్‌కి."

"అది పుస్తకంలో మాట. నిజం చెప్పండి."

కొర్నేలి కిటికీలోంచి వాన చూశాడు. "నాన్న పోయాక చదువాపీసి ప్లాంట్‌లో చేరాను. తమ్ముణ్ణి, చెల్లిని చదివించాను. నాకూ చదువుకోవాలనుంది మేడమ్. అంతే."

డైసీ ప్రశ్నల కాగితం పక్కన పెట్టి, "అక్కడా ఇదే చెప్పండి," అంది.

ఇంటర్వ్యూ అయిన వారానికి మిఠాయి డబ్బాతో వచ్చాడు. మొహం మాత్రం వేలాడేసుకుని ఉన్నాడు.

"సీటు రాలేదా?"

"వచ్చీసింది."

"మరి ఆ మొహమేటి?"

"అబద్ధమాడితే వచ్చింది మేడమ్. డ్యూటీ, చదువు, రెండూ ఎలా నడుపుతారు, ఇంట్లో తోడెవరున్నారు అన్నారు. కాబోయే భార్య ఉంది, పేరు డైసీ, చాలా స్ట్రిక్టు, చదవకపోతే ఊరుకోదు అనీసాను."

"నన్నడక్కుండానా?"

"తప్పే. అందుకే సీటు వెనక్కి తీసేసుకోండని కాలేజీకి ఈమెయిల్ రాశాను. ఇంగ్లీషు ఓసారి చూస్తే పంపించీస్తాను."

ఫోను ఆమె ముందు పెట్టాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

డైసీ మొదటినుంచి చివరిదాకా చదివింది.

"ఇంగ్లీషు బాగానే ఉంది," అంది. "విషయమే తప్పు."

డిలీట్ నొక్కేసింది.

ఫోను కొర్నేలి చేతికి తిరిగిచ్చింది.

"ఆదివారం ప్రార్థన అయ్యాక మీ అమ్మగారిని తీసుకుని మా ఇంటికి రా. ఈసారి మా నాన్నని అడుగు. అంతకంటే ముందు నన్నడుగు."