ఎవరూ పీకని వైరు

ఆర్మూర్ పసుపు యార్డు ఎదుటి మేడ మీద స్వర్ణలత డిటెక్టివ్ ఆఫీసు. ఆ ఉదయం కుల్సుమ్ అనే ఆమె వచ్చి కూర్చుంది. సహాయకుడు ప్రేమ్‌చంద్ మంచినీళ్లిచ్చాడు.

"మా ఆయన వైరు పీకలే మేడం," అంది. "మూడు దినాల సంది బువ్వ ముడ్తలేడు."

ఆమె భర్త సఫ్వాన్ హైవే పక్కన ఒక ప్రైవేటు దవాఖానలో కంప్యూటర్లు చూస్తాడు. సోమవారం మధ్యాహ్నం మానస అనే ఆమెను గుండెనొప్పితో అక్కడికి తెచ్చారు. హైదరాబాద్‌లోని గుండె డాక్టరుకు ఈసీజీ చూపించే లింకు నలభై నిమిషాలు పోరాడినా కలవలేదు. మానస దక్కలేదు. ఆమె భర్త రాకేష్ ఆ దవాఖాన సర్వర్లు మరమ్మతు చేసే మనిషే. సఫ్వానే వైర్లు కెలికాడని ఏడుస్తూ అందరి ముందూ అన్నాడు. మేనేజరు సఫ్వాన్‌ను పనిలోంచి తీసేశాడు. లింకు ఇప్పటికీ రాలేదు.

స్వర్ణలత సర్వర్ గదిలో గంటసేపు గడిపింది. ఒకే సర్వర్ లోపల ఐదు వర్చువల్ మెషీన్లు, విడివిడి కంప్యూటర్లలాగా నడుస్తున్నాయి. లింకు వాటిలో ఒకదాని మీద ఉంది. సర్వర్ తనంతట తాను రాసుకునే లాగ్‌ను ప్రేమ్‌చంద్ చదివి వినిపించాడు. సోమవారం పదకొండున్నరకు సర్వర్ రీస్టార్ట్ అయింది. ఆ తర్వాత సర్వర్‌కు నెట్‌వర్క్ ఎక్కడా తెగలేదు. లోపలి ఐదింటికి మాత్రం అప్పటినుంచే లేదు. స్వర్ణలత తలుపు దగ్గరి రిజిస్టర్ తెరిచి, ఆ రోజు సంతకాలు చూసి, నెమ్మదిగా మూసేసింది. ఆమె ముఖం అలా వాడిపోవడం ప్రేమ్‌చంద్ ఎన్నడూ చూడలేదు.

మధ్యాహ్నం మేనేజరును, రాకేష్‌ను, సఫ్వాన్ దంపతులను ఆ గదికే పిలిపించింది.

"వైరు పీకితే సర్వర్‌కు గూడ నెట్ పోవాలె. పోలే," అంది. "ఆ పొద్దున నెట్‌వర్క్ కార్డు ఫర్మ్‌వేర్, అంటే కార్డును నడిపే లోపలి సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ చేసిండ్రు. దాంతోని కార్డు సెట్టింగ్స్ మొదటికొచ్చినయి. లోపలి మెషీన్లకు నెట్ పంచే సెట్టింగు బందైంది."

సర్వర్ ఆపి, సెట్టింగు ఆన్ చేసి, మళ్లీ లేపింది. కాసేపటికి లింకు కలిసి, తెర మీద హైదరాబాద్ డాక్టరు గది ప్రత్యక్షమైంది.

"అప్‌డేట్ చేసిందెవరు?" మేనేజరు అడిగాడు.

"నేనే," అన్నాడు రాకేష్, తెర వైపే చూస్తూ. "సర్వర్‌కు నెట్ ఉన్నదా అని పింగ్ కొట్టిన, జవాబొచ్చింది. లోపలియి గూడ చూద్దామనుకున్న. గప్పుడే మానస ఫోన్ జేసింది, మంచిగ లేదు, జల్ది రమ్మని. ఉరికిన." స్వర్ణలత వైపు తిరిగాడు. "గా రెండు నిమిషాలు ఆగి చూసుంటే బతుకుతుండెనా మేడం?"

స్వర్ణలతకు అన్నిటికీ జవాబు తెలుసని ప్రేమ్‌చంద్ అనుకునేవాడు. ఆమె తల దించుకుంది.

"నాకు తెల్వది, తమ్ముడూ."

సఫ్వాన్ ముందుకొచ్చాడు. తన మీద నింద వేసిన రాకేష్ భుజం పట్టుకుని, మెట్ల దాకా నడిపించి, ఇంటికి దింపడానికి తన బండి మీద ఎక్కించుకున్నాడు. కుల్సుమ్ వాళ్లు కనుమరుగయ్యేదాకా చూసి, ఇంటికి ఆటో ఎక్కింది.