ఆమె చెయ్యి అందే అర

పొద్దున్నే వంటింటి పక్క చిన్నగదిలో రంపం చప్పుడు మొదలైంది. ఆ ఇంటి వడ్రంగి పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. ఎవరెవరి తలుపులకో కోయగా మిగిలిన చెక్కలు పెరట్లో గుట్టగా పడి ఉన్నాయి. వాటితో సామాన్లకు అరలు చేసిపెడతానని పెళ్లయిన కొత్తలో భార్యకు మాటిచ్చాడు. ఆ మాట ఇన్నాళ్లకు గుర్తొచ్చింది, ఆమె ఆసుపత్రి నుంచి చక్రాల కుర్చీలో ఇంటికొచ్చాక.

"ఊరందరి వంటిళ్లూ అయ్యాక నా వంతు వచ్చిందన్నమాట!" అంది ఆమె గుమ్మంలోంచి.

"వచ్చిందిగా, ఇంకా సాధిస్తావేం?" అన్నాడు, పళ్ల మధ్య మేకులతోనే.

సాయంత్రానికి అరలు లేచాయి. ఒక పలక ఎర్రగా, ఒకటి పాలిపోయి, ఇంకొకటి నిండా ముడులు. అయినా అంచు అంచుకీ అతికినట్టు చిత్రిక పట్టాడు. డబ్బాలన్నీ తనే సర్ది, మెప్పు కోసం చిన్నపిల్లాడిలా ఎదురుచూశాడు.

పని నుంచి వచ్చిన కూతురు అరల వైపు చూసి ఆగిపోయింది.

"ఇవి ఎవరి కోసం నాన్నా?"

"ఎవరి కోసమేంటి, మీ అమ్మకి."

"అన్నిటికంటే కింద అరే అమ్మ తలకంటే పైన ఉంది. ఏ కొలతతో చేశావు?"

"మీ అమ్మ కొలత నాకు నేర్పుతావా? ఉప్పు భుజం దగ్గర, పంచదార కళ్లెదురుగా. నిద్రలో లేపి అడిగినా చెప్తాను."

"అది నిలబడితే! డాక్టరు చెప్పినప్పుడు నువ్వూ పక్కనే ఉన్నావుగా. అమ్మ ఇక నిలబడదు."

"నోర్ముయ్! నడుస్తుంది. ఆ డాక్టరుకేం తెలుసు?"

"నాకు తెలుసు," అంది ఆమె చక్రాల కుర్చీలోంచి మెల్లగా. "నా కాళ్లు కదా."

అతను అరలో సర్దిన డబ్బానే మళ్లీ సర్దాడు.

"రోజూ లేవగానే నా కాళ్లకేసే చూస్తారు. ఆ చూపుకి ఏం చెప్పాలో తెలీక నిద్ర నటిస్తున్నాను. మీరు బాధపడతారని ఈ ఇంట్లో నేను ఏడవనైనా లేదండీ."

అతను రంపపు పొట్టులో అలాగే కూలబడ్డాడు. "నాకూ తెలుసే," అన్నాడు చివరికి. "పైకి అంటే నిజమైపోతుందని..." ఆ తర్వాత మాట ఏడుపులో కలిసిపోయింది. ఆమె అతని తల మీద చెయ్యి వేసి, ఇంటికొచ్చాక మొదటిసారి గట్టిగా ఏడ్చింది. కూతురు ఇద్దరినీ ఊరుకోబెట్టబోయి తనూ కూర్చుండిపోయింది.

చాలాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడు కొలవండి. కుర్చీలో ఉన్న మనిషిని."

కూర్చునే, శ్రమ లేకుండా అందినంత ఎత్తుకి చెయ్యి చాచింది. వేళ్లు ఆగినచోట అతను గోడ మీద పెన్సిలుతో గీత గీశాడు. అతను అనుకున్నదానికంటే ఆ గీత చాలా కిందుంది.

"పైనంతా బోసిపోతుందే," అన్నాడు.

"పోనివ్వండి. అక్కడిదాకా నేనిక రాను."

ఈసారి అతను కాదనలేదు. సుత్తి తీసుకుని, పొద్దుట కొట్టిన మేకులు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాడు.