గుమ్మడికాయల దొంగకు ఇంగ్లిష్ వచ్చు

"మీ మరిది ఫోటో లీకైంది," అన్నాడు బాస్.

వదిన టీ కప్పు కింద పెట్టింది. డిపార్ట్‌మెంట్‌లో ఆమె కోడ్‌నేమే వదిన. శత్రు ముఠాలో రేడియో మెకానిక్ వేషంలో ఉన్న మన ఏజెంట్ మాత్రం నిజంగానే ఆమె మరిది.

"ఎక్కడుంది?"

"మైక్రోచిప్‌లో. అది ఒక కొరియర్ దగ్గరుంది. ఈ సాయంత్రం స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు ముగిశాక చేతులు మారుతుంది. మారిందా, మీవాడు రేపటి పొద్దు చూడడు."

"కొరియర్ ఎవరు?"

"నెల్లాళ్ళుగా నువ్వు కూర్చుంటున్న క్లాసులోనే ఉన్నాడు. ఇంగ్లిష్ గడగడా వచ్చు. రానట్టు నటిస్తున్నాడు."

"నాలాగే అన్నమాట. అందర్నీ సోదా చేస్తే?"

"గోరంత చిప్. మింగేస్తాడు. కాపీ ఉందో లేదో మనకెప్పటికీ తెలీదు. మనిషి చిప్పుతో సహా దొరకాలి."

క్లాసు టైలర్ షాపు పైన. కింద మిషన్ల చప్పుడు, పైన ఒకే ఫ్యాను. వదిన సంచి పట్టుకుని మెట్లెక్కింది. సంచి అడుగున వైర్‌లెస్ సెట్, దాని మీద గుమ్మడికాయ.

మెట్ల మలుపులో ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత మనిషి వచ్చింది. ఆ అందగత్తెను క్లాసులో అందరూ సెంటు అనే పిలుస్తారు.

"ఈ గొడుగు మీదేనా?" అంది సెంటు.

అది డిపార్ట్‌మెంట్ కోడ్.

"మాది ఎండకి తడిసిపోయింది," అని జవాబు కోడ్ చెప్పింది వదిన.

"నేనూ మన డిపార్ట్‌మెంటే అక్కా. కొరియర్ మాస్టారే. కళ్ళు ఆయన మీదే ఉంచు. నామీద నమ్మకం లేదా?"

"నమ్మకాన్ని ఇంట్లో పెట్టి తాళం వేసొచ్చానమ్మా."

మాస్టారికి ఇంగ్లిష్ వచ్చని వీధి మొత్తానికీ తెలుసు. ఆయన రానట్టు నటించేదేముంది? మరి ఈ పిల్ల తన చూపెందుకు మళ్ళిస్తోంది? ఫోటో లీకైన చోట కోడ్ లీకవదా?

క్లాసులో ఒక్క మొహమూ తిన్నగా కనిపించలేదు. మొదటి బెంచీ ఆయన మాటిమాటికీ దగ్గుతున్నాడు, సిగ్నలా? మూలనున్నావిడ ఆవలిస్తోంది, జవాబా? పెన్షన్ బాబాయి ఒక్కడే పాపం, ఇప్పటికీ 'హౌ ఆర్ యూ' అనేసరికి చెమట తుడుచుకుంటున్నాడు. ఆయన్ని అనుమానిస్తే పాపం తగులుతుందనిపించింది. అలా అనిపించినందుకే వదిన ఆయన్ని ఇంకోసారి చూసింది.

మాస్టారి పద్ధతి అందరికీ తెలిసిందే. "ముందు అనండి. తర్వాత రాసుకోండి. అర్థం చివర్న నేను చెప్తాను. ఎవరూ తొందరపడి అర్థం చేసుకోకూడదు!"

క్లాసు ముగియవచ్చింది. వదిన సంచి భుజాన వేసుకుని లేచింది.

"మాస్టారూ, ఒక వాక్యం బట్టీ పట్టి వచ్చాను. నేను చెప్పించనా?"

"భేష్! రండి."

వదిన బోర్డు దగ్గర నిలబడి, కూడబలుక్కుంటున్నట్టు అంది. "సమ్‌థింగ్... ఈజ్ ఫాలింగ్... ఫ్రమ్ యువర్ పాకెట్."

మీ జేబులోంచి ఏదో జారిపోతోంది అని. క్లాసంతా గొంతెత్తి ఆ మాటే తిరిగి అంది. అని, తలలు వంచి రాసుకుంది. ఒక్క చెయ్యి మాత్రం రాయలేదు. అది చొక్కా జేబులోని కళ్ళజోడు పెట్టె మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట, అలాగ.

పెన్షన్ బాబాయి!

చెయ్యి చేసిన పని ఆయనకీ తెలిసిపోయింది. పెట్టె తీసి సెంటు వైపు విసిరాడు. ఆమె దాన్ని ఎడం చేత్తో పట్టుకుని, కుడిచేత్తో హ్యాండ్‌బ్యాగ్‌లోంచి బుల్లి పిస్టల్ తీసి, కిటికీ వైపు నడిచింది. కింద సందులో మోటార్‌సైకిల్ ఇంజన్ గుర్రుమంటోంది.

"హ్యాండ్స్ అప్! నోబడీ మూవ్!"

"హ్యాండ్స్ అప్! నోబడీ మూవ్!" అంది క్లాసంతా. ఒక్క చెయ్యీ లేవలేదు. అన్నీ రాసుకుంటున్నాయి.

"గొంతు బాగుంది. ఇంకోసారి," అన్నాడు మాస్టారు బోర్డు తుడుస్తూ, వెనక్కి తిరక్కుండానే.

ఇన్నాళ్ళుగా పిస్టల్ చూపిస్తున్న సెంటుకి ఇలాంటి మర్యాద ఎక్కడా జరగలేదు. ఒక్క క్షణం నోరు తెరిచింది. ఆ క్షణంలోనే గుమ్మడికాయ సంచి గిర్రున తిరిగి ఆమె మణికట్టు మీద పడింది. పిస్టల్ బెంచీ కిందికి పోయింది. కళ్ళజోడు పెట్టె కిటికీ గట్టు మీద దొర్లి, అంచు దాటబోయింది. వదిన బోర్లా పడి దాన్ని వేళ్ళతో అందుకుంది.

బాబాయి వయసు మర్చిపోయి మెట్లు దూకాడు. కింద టైలర్ల వేషంలో ఉన్న మనవాళ్ళు టేపులతో సహా ఆయన్ని పట్టుకున్నారు.

"కాపీ ఉందా?" అంది వదిన, ఆయన్ని పైకి తీసుకొచ్చాక.

"లేదమ్మా, ఒట్టు! అదొక్కటే!" అన్నాడు బాబాయి తల పట్టుకుని.

వైర్‌లెస్‌లో ఆ మాట బాస్‌కి చేరవేశాకే వదిన బెంచీ మీద కూర్చుంది. రేపు పొద్దున్నే మరిది ఎప్పట్లాగే ముఠావాళ్ళ రేడియోలు విప్పుకుంటూ కూర్చుంటాడు.

సెంటునీ బాబాయినీ జీపెక్కిస్తుంటే మాస్టారు మెట్లు దిగొచ్చి, చాక్‌పీసు చేతుల్తోనే నెత్తి కొట్టుకున్నాడు.

"గొంతు చించుకుని చెప్తే ఇంగ్లిష్ అర్థమయ్యేది ఆ ఇద్దరికేనమ్మా. వాళ్ళనీ మీరే పట్టుకుపోతే ఎలా?"