కోడలి వీసాలో ఖాళీ చోటు

"కాగితం మీదే కదే అమ్మాయ్! వాడు నిన్ను నిజంగా వదిలేస్తాడా ఏమిటి!"

ఆడపడుచు ఈ మాట అని ఇంకో ముద్ద కలుపుకుంది. కోడలి చేతిలో గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. తను విన్నది నిజమేనా అని భర్త వైపు చూసింది. అతను మంచినీళ్ళ గ్లాసులోకి చూస్తున్నాడు. అత్తగారు తల వంచుకుని తింటోంది. మరిది చంటి, కూర ఇంకాస్త వేయమన్నట్టు కంచం ముందుకు జరిపాడు.

ఆ పొద్దున అందరూ కలిసి వీసా కన్సల్టెంట్ దగ్గరికి వెళ్ళి వచ్చారు. విదేశంలో స్థిరపడడానికి ఎన్ని దారులున్నాయో ఆయన ఓపిగ్గా చెప్పాడు. భర్తకి కంపెనీ బదిలీ మీద వీసా వస్తుంది. "అది అద్దె ఇల్లు లాంటిదండీ. కంపెనీ ఉండమన్నన్నాళ్ళు ఉండాలి, పొమ్మంటే సామాను సర్దుకోవాలి" అన్నాడు. కోడలు ఆపరేషన్ థియేటర్లో నర్సు. ఆ దేశంలో నర్సులు చాలడం లేదు. ఆమెకి వెళ్ళిన రోజు నుంచే స్థిరనివాసం ఇస్తారు. ఆమెతో పాటు భర్తకీ, పిల్లలకీ ఇస్తారు. "కాబట్టి మీరు బదిలీ వీసా సంగతి మర్చిపోయి అమ్మగారి వెంట వెళ్ళిపోండి" అని కన్సల్టెంట్ అనేసరికి భర్త మొహం మాడిపోయింది. "పెళ్ళాం కొంగు పట్టుకుని విమానం ఎక్కాలా? నా వీసా నాకుంది" అన్నాడు. ఇక చంటి సంగతి... చదువు వీసాకి చదువు ఉండాలి, పని వీసాకి పని రావాలి, వ్యాపారం వీసాకి పెట్టుబడి కావాలి. "ఈ బాబుకి, చూసి వచ్చే వీసా ఒక్కటే ఉందండీ. చూడాలి, వచ్చెయ్యాలి" అని ఆయన తేల్చేశాడు.

ఆడపడుచును చుట్టాలంతా లాయరమ్మ అంటారు. ఆవిడ లా చదవలేదు. కానీ ఎవరింట్లో తగువు జరిగినా ఆవిడ ఒక పాయింటు తీస్తుంది. ఈసారి కన్సల్టెంట్ ఆఫీసు మెట్లు దిగుతూనే తీసింది. తమ్ముడు తన వీసా మీద వెళ్తాడు. మరి మరదలి వీసాలో మొగుడి చోటు ఖాళీగా పోతోంది కదా! అందుకని మరదలు భర్తకి విడాకులిచ్చి, చంటిని రిజిస్టర్ పెళ్ళి చేసుకుని తీసుకెళ్ళాలి. వాడికి స్థిరనివాసం వచ్చాక వాడిని వదిలేసి మళ్ళీ అన్నని చేసుకోవాలి!

"బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా పోతుంటే ఎవరైనా చూస్తూ ఊరుకుంటారా?" అంది లాయరమ్మ వేళ్ళు నాకుతూ.

కోడలు గరిటె గిన్నెలో వదిలేసింది. "వదినగారూ... చంటి నాకు కొడుకులాంటివాడు! నేను కాపురానికి వచ్చిన కొత్తలో చొక్కా గుండీ ఊడితే నా దగ్గరికే వచ్చేవాడు. జ్వరమొస్తే నా ఒళ్ళో పడుకున్నాడు. వాడి పక్కన పెళ్ళికూతురిలా నిలబడి ఫొటో దిగాలా... ఛీ! ఆ మాట అనడానికి మీకు నోరెలా వచ్చింది!"

"కొడుకులాంటివాడే అయితే వాడి బాగు కోరవూ?"

ఆ పాయింటు ముందే సిద్ధం చేసుకుంది కాబోలు.

"ఏమండీ... మీరైనా చెప్పండి!"

"కొన్నాళ్ళేగా" అన్నాడు భర్త, గ్లాసులోంచి కళ్ళెత్తకుండా. "ఇంట్లో సంగతి ఇంట్లోనే ఉంటుంది."

"చచ్చినా చెయ్యను!"

"తొందరేం లేదు, ఆలోచించుకో" అంది లాయరమ్మ. కోడలి నోట "కాదు" అనే మాట వస్తే ఆ ఇంట్లో దానికి "ఇంకా అవుననలేదు" అని అర్థం.

మర్నాడు సాయంత్రం ఆమె డ్యూటీ నుంచి వచ్చింది. కూతురు పక్కింట్లో ఆడుకుంటోంది. వరండాలో చెప్పులు విప్పుతుంటే ముందుగదిలోంచి మాటలు వినిపించాయి. లాయరమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆఫీసరు అయింది. చంటి ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. భర్త వాడి వెనక నిలబడ్డాడు. వీసా ఇచ్చేముందు భార్యనీ భర్తనీ విడివిడిగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తారని ఎవరో చెప్పారట. దానికి తర్ఫీదు జరుగుతోంది!

"మీ ఆవిడ లేవగానే ఏం తాగుతుంది?"

"వేడినీళ్ళు."

"మంచం మీద ఏ పక్కన పడుకుంటుంది?"

చంటి అన్న వైపు తిరిగాడు. "గోడ పక్క" అన్నాడు అన్న. "గోడ పక్క" అన్నాడు చంటి, ఎక్కం అప్పజెప్పినట్టు.

"ఒంటి మీద గుర్తులేమైనా ఉన్నాయా? ఇది తప్పకుండా అడుగుతారట."

భర్త గొంతు వినిపించింది. ఇంటికి దారి ఎలాగని ఫోనులో అడిగినవాళ్ళకి చెప్పే గొంతు అది. "పొత్తికడుపు కింద ఒక మచ్చ ఉంది. పాప పుట్టినప్పుడు కోశారు చూడు, అది. అడ్డంగా ఉంటుంది, ఒక చివర పైకి తిరిగి ఉంటుంది. ఇంకోటి..."

"ఆగన్నయ్యా, మెల్లిగా చెప్పు" అన్నాడు చంటి.

ఆమె వరండా దిగింది. పెరట్లోకి వెళ్ళి కుళాయి కింద చేతులు పెట్టింది. మోచేతుల దాకా సబ్బు రుద్దింది, కడిగింది, మళ్ళీ రుద్దింది. చేతులకి ఏమీ అంటలేదని ఆమెకి తెలుసు. అయినా ఎంత కడిగినా తనివి తీరలేదు... ఆ మచ్చని అతను మొదటిసారి చూసిన రోజు ఆమె సిగ్గుతో దుప్పటి లాక్కుంది. "ఇది నా బిడ్డ వచ్చిన దారి" అని అతనే దుప్పటి తీసి ముద్దుపెట్టుకున్నాడు. ఆ మనిషేనా ఇప్పుడు తమ్ముడికి అది ఎటు తిరిగి ఉంటుందో చెబుతున్నది!

తడి చేతులతోనే గదిలోకి వచ్చింది. ఆమెను చూసి చంటి కుర్చీలోంచి లేచాడు.

"మా థియేటర్‌కి ముక్కూ మొహం తెలియనివాళ్ళు వస్తారండీ" అంది భర్తతో. "మత్తులో ఉంటారు. ఎవరు చూసినా వాళ్ళకి తెలియదు. అయినా కోయాల్సిన చోటు తప్ప ఒళ్ళంతా గుడ్డ కప్పుతాం. గుడ్డ జరిగితే వార్డుబాయ్ కూడా మొహం పక్కకి తిప్పుకుని సర్దుతాడు. వాళ్ళు మాకేమీ కారు! మీరు... మీరు నా మొగుడు!"

"ఆఫీసరు అడిగితే వాడు తప్పు చెప్పకూడదు కదా" అన్నాడు భర్త.

అతను తల దించుకుని ఉంటే ఆమె ఏం చేసేదో! కానీ అతనికి నిజంగానే అర్థం కాలేదు. ఆమె అతని మొహంలోకి చూసింది. అక్కడ సిగ్గు కోసం వెతికింది. దొరకలేదు.

"వాడేం పరాయివాడా? అన్నదమ్ముల మధ్య దాపరికం ఏమిటమ్మా!" అంది లాయరమ్మ.

"నోరు ముయ్యవే!"

ఆ కేక అత్తగారిది. ఆవిడ అంతసేపూ గుమ్మం పక్కన బఠాణీలు వలుస్తూ కూర్చుంది. ఇప్పుడు పళ్ళెం పక్కన పెట్టి లేచింది.

"చంటిగాడికి ఒక దారి దొరుకుతుందని నిన్నటి నుంచీ గుడ్లప్పగించి కూర్చున్నాను... కన్న కడుపు కదా, పాడు ఆశ! నా ఒంటి మీదా ఉన్నాయే మచ్చలు. మీ ముగ్గుర్నీ కన్నందుకు వచ్చినవి. అవీ చెప్తాను, బట్టీ పట్టి ఆఫీసర్లకి అప్పజెప్పండి!"

"నేను అడగలేదమ్మా... అన్నయ్యే..." అన్నాడు చంటి.

"నువ్వు అడగలేదురా. మెల్లిగా చెప్పమన్నావు."

చంటి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అత్తగారు కోడలి దగ్గరికి నడిచి, చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయింది. "ఏం మొహం పెట్టుకుని నిన్ను ముట్టుకోనమ్మా..." అని ఏడ్చింది. కోడలే ఆవిడ భుజం మీద తల వాల్చింది.

ఆ వారంలోనే కోడలు మళ్ళీ కన్సల్టెంట్ దగ్గరికి వెళ్ళింది. ఈసారి వెంట అత్తగారు ఒక్కతే ఉంది. ఇంట్లో అనుకున్న సంగతి ఆవిడే ఆయనకి చెప్పింది. ఆయన పెన్ను కింద పెట్టాడు. "దొంగపెళ్ళని తేలితే ఈవిడ నర్సు వీసా కూడా పోయేదమ్మా. ముగ్గురినీ మళ్ళీ ఆ గడప తొక్కనివ్వరు. మంచిపని చేశారు, మానేశారు."

"వీసా పోతుందని మానలేదు బాబూ" అంది అత్తగారు.

ఆయన మళ్ళీ పెన్ను తీసుకున్నాడు. ఎంతమందికి దరఖాస్తు పెట్టాలన్నాడు. "నాకూ మా పాపకీ" అంది కోడలు. పాపకైతే తండ్రి ఒప్పుకోలు కావాలన్నాడు.

"అది నేను తెస్తాను" అంది అత్తగారు. "వాడు సంతకం పెట్టేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలిగించను."

కోడలు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అత్తయ్యని తీసుకెళ్ళే దారేమైనా ఉందాండీ?"

"కన్నతల్లికైతే చూడొచ్చండీ. అత్తగారికైతే ఆవిడ కొడుకే దరఖాస్తు పెట్టాలి."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అత్తగారు తల అడ్డంగా ఊపింది. "నాకొద్దులే అమ్మా. నువ్వు వెళ్ళు..."

కన్సల్టెంట్ కాస్త మొహమాటపడ్డాడు. "అయినా మీవారు బదిలీ మీద ఎలాగూ అక్కడికే వస్తారు కదండీ..."

"రానివ్వండి" అంది కోడలు, కుర్చీలోంచి లేస్తూ. "ఆ దేశం పెద్దదట కదా!"