పొద్దుటి అంబలి

"కొంచెం అవతల కూర్చుని తింటారా?"

సుధామయి ఆ మాట అన్నప్పుడు ఆ అబ్బాయి నోటినిండా పల్లీలున్నాయి. నమలడం ఆపి, ఎడమవైపు చూశాడు, కుడివైపు చూశాడు. బెంచీ మీద తను తప్ప ఎవరూ లేరు కాబట్టి తననే అన్నదని తేల్చుకున్నాడు.

ఆర్ట్స్ కాలేజీకి ఎదురుగా, చెట్ల కింద సిమెంటు బెంచీ అది. ఎండ ఇంకా కొమ్మల మీదే ఉంది. తార్నాకలో వాళ్లకు పొద్దుటి నడకంటే యూనివర్సిటీయే. సుధామయి కూడా నడకకే వచ్చి, సగం దారిలో కళ్లు తిరిగి అక్కడ కూలబడింది. పక్కనే ఇతను వేయించిన పల్లీలు అరచేతిలో నలిపి, పొట్టు ఊది, ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటున్నాడు. ఆ వాసనకు ఆమె ప్రాణం పోయేలా ఉంది.

"బెంచీ మీదా?" అన్నాడు మర్యాదగానే.

"బెంచీ ఎవరిదైతేనేం. ఆకలి నాది. నేను పొద్దున ఏమీ తినను. బరువు తగ్గాలి."

అతను కాలేజీ మెట్ల దగ్గరున్న టెంటు వైపు చూశాడు. తెలంగాణ కోసం విద్యార్థులు రోజుకో జట్టుగా అందులో నిరాహార దీక్ష చేస్తున్నారు.

"గాడ కూసున్నోళ్లకు ఒక డిమాండ్ ఉన్నది. మీ డిమాండ్ ఎవరొప్పుకోవాలె?"

కోపం రావలసిన చోట నవ్వొచ్చింది. నవ్వితే కళ్లు ఇంకా తిరిగాయి. అతను పల్లీల పొట్లం ఆమె వైపు జరిపి, లేచి వెళ్లి, వీపు ఇటు పెట్టి నిలబడ్డాడు. ఎవరూ చూడకుండా తింటే తిన్నట్టు కాదని ఆమె అనుకుంటుందని అతనికెలా తెలిసిందో. వెనక్కి తిరిగి చూసేసరికి పొట్లంలో పొట్టు మాత్రమే ఉంది.

అతని పేరు దివాకర్. జనగామ దగ్గర ఊరు, వ్యవసాయం ఇల్లు. ఎం.ఏ. చదువుతున్నాడు. సమ్మె మూలంగా హాస్టల్ మెస్ నడవక, అతని పొద్దుటి తిండి ఆ పల్లీలేనని ఆమెకు తరవాత తెలిసింది. తెలిశాక సిగ్గుతో ఏం చెయ్యాలో తోచలేదు.

ఆమె డిమాండ్ ఒప్పుకోవలసిన వాళ్లు రాజమండ్రిలో ఉన్నారు. ఆ సంబంధం వాళ్లు చూసి వెళ్తూ, "పిల్ల లక్షణంగా ఉంది, కాస్త ఒళ్లు తగ్గితే..." అని ఆపేశారు. వాళ్లు ఆపేసిన ఆ మాటను సుధామయి అప్పట్నించీ పూర్తి చేస్తూ వస్తోంది. రాత్రి ఒక పుల్కాతో సరిపెట్టుకుని పడుకునేది. తెల్లారకముందే ఆకలి లేపేది. గోరువెచ్చని నీళ్లలో తేనె, నిమ్మరసం. మధ్యాహ్నం దాకా పళ్లు బిగబట్టడం. సాయంకాలం ఎవరూ లేనప్పుడు వంటింట్లో జంతికల డబ్బా ముందు నిలబడి ఆత్రంగా తినడం. ఆ సిగ్గుతో రాత్రి పుల్కా కూడా మానెయ్యడం. మర్నాడు ఆకలి ఇంకా ముందే లేచేది.

ఇదంతా ఆమె దివాకర్‌కు ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు. కడుపు మాడినవాడికైతే అర్థమవుతుందనుకుందేమో.

"ఆకలిని తిడితే పోతదా?" అన్నాడతను. "అది అడుగుతున్నది, మీరు జవాబిస్తలేరు. పొద్దుగూకంగనే కడుపునిండ తినున్రి. పొద్దుగాల ఒక గ్లాసు అంబలి తాగున్రి. మా అమ్మ ఎవ్వరినీ వట్టి కడుపుతోని చేన్లకు పోనియ్యదు."

మర్నాడు స్టీలు సీసాలో అంబలి, ఒక గ్లాసు తెచ్చాడు. అతని తల్లి సమ్మక్క పంపిన జొన్నపిండిని రాత్రి నానబెట్టి, తెల్లవారుజామున హాస్టల్ గదిలో చిన్న హీటరు మీద కాచి, చల్ల కలిపి, ఉల్లిగడ్డ ముక్కలు వేసుకొచ్చాడు. మొదటి గుక్కకు సుధామయి ముఖం చిట్లించింది. రెండో గుక్కకు ఊరుకుంది. మూడో గుక్కకు గ్లాసు ఖాళీ చేసింది. కడుపులో ఏదో ఏడుపు మానినట్టయింది.

ఆమె సంచిలోనూ ఒక డబ్బా ఉండేది. తల్లి కమలాదేవి, కూతురు టిఫిను మానేసిందని తెలిసి కూడా, నడక అయ్యాకైనా తింటుందేమోనని రోజూ రెండు పెసరట్లు అందులో పెట్టేది. ఇన్నాళ్లూ అవి కుక్కల పాలయ్యేవి. ఇప్పుడు దివాకర్ తినసాగాడు. అల్లం పచ్చడి ఘాటుకు అతని కళ్లలో నీళ్లు తిరిగేవి. ఆంధ్రోళ్లు గిట్ల గూడ ఏడిపిస్తరా అనేవాడు. ఇంటికొచ్చిన ఖాళీ డబ్బా చూసి కమలాదేవి దేవుడి ముందు ఇంకో వత్తి వెలిగించేది.

చలికాలం వెళ్లిపోయింది. సుధామయి బరువు మెల్లగా తగ్గుతోంది. కళ్లు తిరగడం పోయింది. జంతికల డబ్బా మీద మూత మూసినట్టే ఉంది. ఒకసారి అకాలంగా వాన పడితే ఇద్దరూ కాలేజీ వసారాలోకి పరిగెత్తారు. తడిసిన జుట్టు తుడుచుకుంటూ అతను చూసిన చూపుకు ఆమె అంబలి గ్లాసు ముఖానికి అడ్డం పెట్టుకుంది. మీరు పోయి నువ్వు వచ్చింది. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు.

కానీ తార్నాకలో గాలి మారుతోంది. యూనివర్సిటీ గేటు దగ్గర ముళ్లకంచెలు, పోలీసు వ్యాన్లు వచ్చాయి. సుధామయి తండ్రి పార్థసారథి రైల్వేలో పనిచేస్తారు. ఊరు ఏలూరు అయినా ఉద్యోగమంతా ఇక్కడే. ఆయన టీవీ ముందు కూర్చుని, మనం ఎవరికేం అన్యాయం చేశామే కమలా అనేవారు. కూతురితో మాత్రం, ఇంక యూనివర్సిటీ వైపు వెళ్లకని ఆయన చెప్పారు. ఆమె వీధి చివరిదాకానే నడుస్తానని చెప్పి, గేటు దాటి వెళ్లేది.

అలాంటి రోజుల్లోనే దివాకర్ ఒక పొద్దున అన్నాడు. "రేపు నేను దీక్షల కూసుంట. నువ్వు రాకు."

రావద్దన్నది అందరి ముందూ తన దగ్గర తిండి తీసుకోవడానికి మొహమాటపడేననుకుంది సుధామయి. వాళ్లింట్లో కమలాదేవి ప్రతి శనివారం ఉపవాసం. ఆ ఇంట్లో ఉపవాసమంటే అన్నం ముట్టకపోవడం. బియ్యపు రవ్వ, పెసరపప్పు వేసి ఉప్పుడు పిండి చేసుకుని, వెంకటేశ్వరస్వామికి చూపించి, అది తింటారు. అమ్మ అలాగే తింది, అమ్మమ్మ అలాగే తింది. కటిక ఉపవాసం మహాత్ములకే గానీ కాలేజీ పిల్లలకు ఎందుకుంటుంది? తెల్లవారుతూనే, స్నేహితురాలు ఉపవాసం ఉంది, ఉప్పుడు పిండి చెయ్యమ్మా అంది. కమలాదేవి సంతోషంగా ఇంగువ కాస్త ఎక్కువ వేసి చేసింది.

టెంటులో తెల్లటి పరుపు మీద, మెడలో పూలదండలతో వరసగా కూర్చున్నారు. దివాకర్ మధ్యలో ఉన్నాడు. సుధామయి చెప్పులు విడిచి, గుడిలోకి వెళ్లినట్టు లోపలికి వెళ్లి, అతని ముందు డబ్బా మూత తీసింది. ఇంకా ఆవిరి వస్తోంది.

"ఉప్పుడు పిండి. ఉపవాసానికి తినొచ్చు."

ముందు ఎవరో నవ్వారు. తరవాత వెనక నుంచి ఒక గొంతు లేచింది. దీక్ష చెడగొట్టనీకి ఆంధ్రోళ్లు పిల్లను పంపిన్రు అంది. బయట మోగుతున్న డప్పు ఆగిపోయింది. పక్కనే టీవీ వాళ్ల కెమెరా ఇటు తిరిగింది. దివాకర్ గదిలోనే ఉండే కొమురెల్లి వంగి, అతని మొహంలోకి చూసి అడిగాడు.

"ఎవర్రా ఈమె?"

దివాకర్ ఆ డబ్బా వైపు చూశాడు. కెమెరా వైపు చూశాడు. ఆమె వైపు చూడలేదు.

"ఎవరో నాకు తెల్వది. తీస్కపొమ్మను."

ఆమె డబ్బాకు మూత పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకునే గేటు దాకా నడిచింది. ఇంట్లో కమలాదేవి డబ్బా తెరిచి, మీ స్నేహితురాలు తినలేదేమే అని అడిగింది. ఆకలి లేదంది అని చెప్పి సుధామయి స్నానాల గదిలోకి వెళ్లి కొళాయి తిప్పింది.

ఆ తరవాత ఆమె నడకకు వెళ్లలేదు. పొద్దుట ఆకలి వేసేది. వేస్తే వెయ్యనీ అని పడుకునేది. కొన్నాళ్లకు అది అడగడం మానేసింది. ఒళ్లు గబగబా తగ్గింది. మెడ ఎముకలు బయటపడ్డాయి, జాకెట్లన్నిటికీ కుట్లు వేయించాల్సి వచ్చింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఏం చేశావమ్మా, మాకూ చెప్పు అని అడిగారు. రాజమండ్రి వాళ్లు ఫోటో తెప్పించుకుని చూసి, తాంబూలాలు పుచ్చుకుందామన్నారు. కమలాదేవి ఒక్కతే, కూతురు పడుకున్నాక తలుపు దగ్గర నిలబడి, ఊపిరి తీస్తోందా లేదా అన్నట్టు చూసేది. దేవుడి పేరుతో మానినా, ఒంటి కోసం మానినా, రాష్ట్రం కోసం మానినా కడుపుకు తెలిసేది ఒక్కటే. కానీ ఈ పిల్ల ఎవరి పేరుతో మానిందో ఆ తల్లికి అంతు చిక్కలేదు.

పెళ్లికొడుకు తాతగారు కదల్లేరు. అందుకని తార్నాకకు దగ్గర్లో ఆయన ఉంటున్న బౌద్ధనగర్‌లోనే తాంబూలాలు పెట్టుకున్నారు. పార్థసారథి పంచాంగం చూశారు గానీ పేపరు చూడలేదు. ఆ ఆదివారం రోడ్ల మీదే వంటలు వండి, రోడ్ల మీదే తినాలని ఉద్యమం వాళ్ల పిలుపు. వంటావార్పు. తార్నాక చౌరస్తాలో ఆటో ఆగిపోయింది. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు, పొగ, పెద్ద పెద్ద గిన్నెల్లో కిచిడీ, సన్నటి వాన. ముహూర్తం ఉందని పార్థసారథి బతిమాలారు. కోపంగా ఎవరూ ఏమీ అనలేదు. దారి తెరిచేదాకా దిగి ఇంత తినున్రి సార్ అని ఒకావిడ వాళ్లకు బల్ల వేసింది.

సుధామయి ఆటోలోంచి దిగి, దాని ఇనుప కడ్డీ పట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడింది.

ఎదుటి పొయ్యి దగ్గర దివాకర్ ఉన్నాడు. ఆ సన్నటి పట్టుచీర మనిషిని అతను ముందు గుర్తుపట్టలేదు. కళ్లు మూసుకుని నిలబడిన తీరు చూసి పట్టాడు. బెంచీ మీద మొదటి రోజు అలాగే ఉంది. అందరూ కిచిడీ వండుతుంటే తను ఒక్కడే అంబలి కాచినందుకు పొద్దుట్నించీ అతన్ని ఆటపట్టిస్తున్నారు. అతను గ్లాసు నింపి, వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"వద్దు," అందామె కళ్లు తెరిచి. "నేనెవరో మీకు తెలీదుగా."

పార్థసారథి లేచి నిలబడ్డారు. కిచిడీ కలుపుతున్న కొమురెల్లి గరిటె ఆపాడు.

"తెలుసు," అన్నాడు దివాకర్, అందరికీ వినపడేలా. "ఈమె సుధ. నాకు తెలుసు. గా దినం టీవీల నీ మొఖం రావొద్దనే తెల్వదన్న అని అనుకున్న. ఉత్తదే. నాకు భయమైంది. నెల దినాలు గా బెంచీ కాడికి సీసా తెచ్చిన. ఇల్లు ఏడనో తెల్వది, ఎవర్నడగాలె?" గ్లాసు ఇంకాస్త ముందుకు చాపాడు. "ఏంది సుధా గిట్లయినవు?"

వానలో తడుస్తూ అంతసేపూ కమలాదేవి ఆ గ్లాసునే చూస్తోంది.

"సుధా, ఆ రోజు ఉప్పుడు పిండి ఇతనికేనా?"

సుధామయి తలూపింది.

"తినలేదేం బాబూ?"

"దీక్షల ఏం తినొద్దమ్మా. మీకు తెల్వది, ఆమెకు తెల్వది. చెప్పాల్సింది నేను. చెప్పలే."

కమలాదేవి గ్లాసు అతని చేతిలోంచి తీసుకుని, కూతుర్ని బల్ల మీద కూర్చోబెట్టి, నోటికి అందించింది. సుధామయి ఒక గుక్క తాగింది. ఆగింది. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, ఏడుస్తూనే, ఆపకుండా తాగసాగింది. ఇన్నాళ్లుగా అడగడం మానేసిన ఆకలి ఒక్కసారిగా గొంతులోకి వచ్చినట్టుంది.

దూరంగా ఈలలు వినిపించాయి. ఒక పక్క దారి వదులుతున్నారు. ఆటో అతను బండి కదిపాడు.

"కమలా, దుర్ముహూర్తం వచ్చేస్తుంది," అన్నారు పార్థసారథి. ఆయన గొంతులో తొందర లేదు. ఆయన కళ్లు కూతురి మెడ ఎముకల మీద ఉన్నాయి. అవి అంతగా బయటపడ్డాయని ఆయన ఆ వేళే చూసినట్టున్నారు.

"పిల్ల తాగుతోంది. లేపకండి," అందావిడ.

తాంబూలాలు అయ్యేదాకా మంచినీళ్లయినా ముట్టనని కమలాదేవి ఆ పొద్దున స్వామి ముందు మొక్కుకుంది. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, కూతురి పక్కన బల్ల మీద కూర్చుని, చెయ్యి చాపింది.

"నాకూ ఒక గ్లాసు పొయ్యి, నాయనా."