కాగితం గొట్టం

ట్రైనింగంటే నాకు మహా సరదా. భోజనం పెడతారు, పెన్నిస్తారు, నలుగురితో కబుర్లు. కానీ 2016లో శ్రీకాకుళంలో పెట్టిన ఆ రెండు రోజుల ట్రైనింగుకి మాత్రం పనిగట్టుకుని వెళ్లాను. మాది సముద్రం ఒడ్డు ఊరు, నేను అక్కడ హెల్త్ వర్కర్ని. మా బావమరిది గంగులుకి ఏడాదిగా చెవిలో ఎవరో మాట్లాడుతున్నారు. "పడవెందుకు, నడిసొచ్చేయ్" అంటుందట ఆ గొంతు. రెండుసార్లు పీకల్లోతు నీళ్లలోంచి లాక్కొచ్చాం. మూడోసారి అందుతాడో లేదో! మాత్రలు వేస్తున్నాం. మాత్రలతో పాటు ఇలాంటివాళ్లతో ఎలా మాట్లాడాలో నేర్పుతారంటే బస్సెక్కేశాను.

పాఠం చెప్పే అనూరాధ మేడం చక్కగా చెప్పింది. "ఆ గొంతు అబద్ధమని వాదించకండి, నిజమనీ ఒప్పుకోకండి. ఏమంటోంది, అది నిజమనుకోడానికి ఆధారమేమిటి అని నెమ్మదిగా అడగండి."

భోజనాలయ్యాక ఆటలాంటి పాఠం. ముగ్గురేసి జట్టు. నేను పేషెంటుని. నాలాగే ట్రైనింగుకొచ్చిన గిరిబాబు ఎదురుగా కూర్చుని ప్రశ్నలడుగుతాడు. రాజాం నర్సు రాజకుమారి నా వెనక నిలబడి, కాగితాన్ని గొట్టంలా చుట్టి, రాసిచ్చిన మాటలు నా ఎడమ చెవిలో గుసగుసగా చదవాలి. పేషెంటు పడే బాధ మాకు తెలియాలని.

"నువ్వు పనికిరావు... అందరూ నిన్నే చూస్తున్నారు..."

నాకు నవ్వాగలేదు. "ఇది మా ఆవిడ రోజూ అనేదే కదే పిల్లా!"

అంతలో కరెంటు పోయింది. తెర మీద బొమ్మలు చూపించడానికి కిటికీలు మూసేశారేమో, పట్టపగలే మసక చీకటి. ఫ్యాన్లు ఆగాయి. హాలంతా సాంబారు వాసన. ఆ వాసన అడుగునుంచి... ఉప్పు. తడిసిన వల కంపు.

"ఒరే దాలిగా..."

ట్రైనింగులో అందరికీ నేను దాలయ్యనే. దాలిగా అని పిలిచేవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు.

"గంగులుని వగ్గేత్తాను. నువ్వొస్తావేటి?"

గంగులుని వదిలేస్తుందట! వాడి సంగతి ఈ పిల్లకెవరు చెప్పారు? అన్నాల దగ్గర నేనే వాగానా? గిరిబాబు అందించాడా? వాడు నవ్వు ఆపుకుంటున్నట్టే ఉంది. దెయ్యం ఒకసారే పిలుస్తుందని, ఒక్క పిలుపుకే పలకకూడదని మా ఒడ్డున పసిపిల్లలకీ తెలుసు. ఆటే కదా అని పలికాను.

"ఆఁ... వస్తాన్లే."

గొట్టం చెవి మీంచి జారిపోయింది.

వెనక్కి తిరిగి కసిరాను. "మా ఇంటి సంగతి నీకెవులు సెప్పారే?"

రాజకుమారి రెండడుగులు పక్కకి జరిగింది. "నాకేటి తెల్దు బాబాయ్. సీకట్లో కాగితం కనపళ్లేదు. నా ఎనకనుంచి మేడం అందిస్తంటే, అదే నీకు సెప్పాను."

మేడం బోర్డు దగ్గరుంది. మొదటినుంచీ అక్కడే.

రాజకుమారి వెనక... గోడ.

సాయంత్రం మా ఆవిడ కూర్మమ్మ ఫోను. "ఏటయ్యా, తమ్ముడు అడిగి మరీ అన్నం తిన్నాడు! మద్దేనం నుంచి ఆ గొంతు నేదంట. ఏటి మంత్రమేసినావు?"

"ట్రైనింగే!" అన్నాను గొప్పగా.

గంగులు ఇప్పుడు చేపల వేటకి వెళ్తున్నాడు. మాత్రలు మానలేదు. నా చెవిలో ఇంతవరకూ ఎవరూ మాట్లాడలేదు. అయినా అనుమానం తీరక, నెల తర్వాత రాజకుమారికి ఫోను చేశాను.

"నిజం సెప్పమ్మా. ఇంకేటైనా అన్నాదా అది?"

గొంతు తగ్గించింది.

"అన్నాది బాబాయ్... నీకు సెప్పొద్దన్నాది."

పెట్టేసింది. మళ్లీ ఎత్తలేదు.

నిన్న మా వీధిలో ఆటో ఆగి సామాను దిగింది. రాజాంలో సొంతిల్లు, ఉద్యోగం ఉన్న పిల్ల... రాజకుమారి, మా ఇంటికి ఆనుకున్న గది అద్దెకి తీసుకుంది.

మధ్యన నా తలగడ వైపు గోడ ఒక్కటే.